నీలం అడవి

చెన్నకేశవులు అయ్యవారు 1962లో పెనుకొండలో రిటైరయ్యాడు. మెడలోని చామంతి దండ తీసి కొక్కేనికి తగిలించి, భార్య లక్ష్మీదేవితో అన్న మొదటి మాట, "రేపట్నుంచి తెరలకు రంగులేస్తా."

ఆ పని గురించి ఆమె వినడమే గానీ ఎప్పుడూ చూసింది లేదు. ఇరవై ఏళ్ల వయసులో అతను హిందూపురంలో ఈరన్న అనే ఆయన దగ్గర నాలుగేళ్లు నాటకాల తెరలు గీశాడు. దర్బారు తెర, వీధి తెర ఎవరైనా గీసేవాళ్లు. అడవి తెర మాత్రం ఈరన్న కేశవులుకే ఇచ్చేవాడు. ముదిగుబ్బ దగ్గర మెట్ట సేద్యం చేసే అతని నాయన ఒకరోజు రైలెక్కి వచ్చాడు. "గుడ్డలకు రంగులు పూసేటోనికి పిల్లనెవరిస్తార్రా?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ట్రైనింగు, ఉద్యోగం, పెళ్లి ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు నల్లబల్ల మీద దేశపటాలు గీశాడు తప్ప కుంచె ముట్టలేదు.

రిటైరైన మొదటి ఏడాది బాగా గడిచింది. తెల్లవారితే కొండ కింది కోట వాకిలిదాకా నడిచిపోయి, వస్తూ బస్టాండులో చౌడప్ప హోటల్లో కాఫీ తాగేవాడు. ఇంటికొచ్చి గోడకు కోరాగుడ్డ బిగించి సుద్దా జిగురూ పూసేవాడు. లక్ష్మీదేవి సుద్ద నూరి ఇచ్చేది. పని చేస్తూ అతను పాత నాటకాల పద్యాలు పాడుతుంటే, ఈ మనిషికి గొంతు కూడా ఉందా అనుకునేది.

ఒకసారి ఈరన్నను చూద్దామని హిందూపురం పోయాడు. ఈరన్న చనిపోయి పదేళ్లయిందట. వాళ్లు తెరలు ఆరేసిన కొట్టంలో వేరుశనక్కాయల మూటలున్నాయి. నాటకాల కంపెనీలన్నీ ఎత్తేశారని, జనమంతా టూరింగ్ టాకీసుకే పోతున్నారని పక్కింటివాళ్లు చెప్పారు.

అయినా ఒక పని దొరికింది. తాడిమర్రిలో రైతులు ఏటా నాటకం ఆడేవారు. వాళ్ల పెద్ద రామప్ప వచ్చి, "అయ్యోరా, మా అడివి తెర చినిగిపోయిండాది. ఒకటి గీసియ్యల్ల" అన్నాడు. కేశవులు రెండు నెలలు దాని మీదే కూర్చున్నాడు. మద్దిచెట్లు, వెదురుపొదలు, దూరంగా ఒక వాగు. తెర చుట్టుకుని ధర్మవరం మీదుగా బస్సులో తీసుకుపోయాడు.

మధ్యాహ్నం పందిట్లో తెర కట్టారు. జనం చుట్టూ చేరి చూశారు. కాసేపటికి వెనకనుంచి వెంకటక్క అనే ముసలామె, "ఏమప్పా, చెట్లన్నీ నీలంగా ఉండాయే!" అంది. ఎవరో నవ్వారు. రామప్ప వాళ్లను కసిరి, "దీన్ని వచ్చే ఏటికి పెట్టుకుందాంలే సామీ" అన్నాడు. చినిగిన తెరకే కుట్లు వేసి కట్టుకున్నారు.

కేశవులు తెర దగ్గరగా పోయి చూశాడు. అతనికి ఆకులు ఆకుపచ్చగానే కనిపించాయి.

ఇంటికొచ్చి భార్యను అడిగాడు, "నీకు తెలుసునా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"మీరు పాడుతాంటిరి. యాడ నిలిపేస్తారో అని చెప్పలేకపోతి."

ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

కంటి డాక్టరు శుక్లాలు ముదిరాయన్నాడు. పసుపుపచ్చ పొరలోంచి చూస్తుంటే నీలం కూడా ఆకుపచ్చలాగే కనిపిస్తుందన్నాడు. కుడికన్ను ఆపరేషన్ చేస్తే చీముపట్టి ఆ చూపు పూర్తిగా పోయింది. ఎడమకన్ను జోలికి పోవద్దన్నారు. కొన్నాళ్లు బొగ్గుతో గీతలు గీశాడు. గీత ఎక్కడ మొదలైందో కనిపించక అదీ మానుకున్నాడు. కుంచెలు ఏం చేయమంటారని లక్ష్మీదేవి అడిగితే, "పొయ్యిలో పెట్టు" అన్నాడు. ఆమె పెట్టలేదు. అతను మళ్లీ వాటి మాట ఎత్తలేదు.

హోటలుకు పోవడం మాత్రం మానలేదు. కర్రతో దారి తడుముకుంటూ పోయేవాడు. 1966లో చౌడప్ప జాలిపడి, "సామీ, మా హోటలు పేరు నల్లరంగుతో రాసియ్యండి" అన్నాడు. కేశవులు వేళ్లతో కొలుచుకుంటూ మూడు రోజులు ఆ బోర్డు రాశాడు. అక్షరాలు కుడివైపు కిందికి జారాయి. చౌడప్ప దాన్నే తగిలించాడు. నెల తిరక్కుండా హిందూపురం నుంచి కొత్త బోర్డు తెప్పించి దాని స్థానంలో పెట్టాడు. కేశవులుకు ఎవరూ చెప్పలేదు. రోజూ దాని కిందే కూర్చుని కాఫీ తాగి పోయేవాడు.

ఒకరోజు బస్సుకోసం వచ్చిన ఎవరో ఎర్రటి అక్షరాలతో ఆ బోర్డు భలే ఉందని మెచ్చుకున్నారు. కేశవులు గ్లాసు కింద పెట్టాడు.

"బోర్డు మార్చినావా చౌడప్పా?"

చౌడప్ప పొయ్యి దగ్గరే నిలబడిపోయాడు. "అవును సామీ. తప్పయిపోయె."

"తప్పేముండాది? నేను రాసింది వంకరగా ఉండాదని నాకు తెలుసులే." గ్లాసు ముందుకు జరిపి, "ఇంకొంచెం చక్కెర వెయ్యి" అన్నాడు.