కారుకు కట్టిన ముడులు

మా గూడెంల ఉన్నది ఒక్కటే కారు, మా తమ్ముడిది. టేకులపల్లి పోవాలన్నా, కొత్తగూడెం దవాఖానాకు పోవాలన్నా అదే. గట్లాంటి కారును మొన్న వానాకాలం ముందర వాడే మూలకు పెట్టిండు. కంటి ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు స్టీరింగ్ ముట్టొద్దని డాక్టర్ చెప్పిండు.

అప్పుడే మా కోడలికి ఎనిమిదో నెల. తొలి కాన్పుల బిడ్డ దక్కలేదు. ఈసారన్నా దక్కుతదా అని నాకు తిండి సయించేది కాదు.

నల్లద్దాలు పెట్టుకొని తమ్ముడు పనికి దిగిండు. కారు కడిగించిండు, డీజిల్ నిండా పోయించిండు, బ్యాటరీ వైర్లు ఊడదీసిండు. ఎలుకలు దూరకుండ సైలెన్సర్ల గుడ్డ కుక్కిండు. పురుగు పట్టకుండ విత్తనాలకు పెట్టినట్టు సీట్ల కింద నేను వావిలాకు పెట్టిన. ఆఖరుకు పట్టా కప్పి, తాడుతో ముడి మీద ముడి వెయ్యబట్టిండు.

కాన్పు దగ్గర పడ్డ ఇంట్ల మేము ముడులు వెయ్యం, బిడ్డ తొవ్వకు అడ్డమని. నొప్పులు మొదలైతే పెట్టెల తాళాలు తీస్తం, పశువుల పలుపులు విప్పుతం. నేను గివన్నీ నమ్మేదాన్ని కాదు. తల నెరిసినంక రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దినదాన్ని. అయినా మూతి మూసి, కట్టి పెట్టిన ఆ కారు నా కంటికి పీనుగ లెక్కనే కనబడ్డది.

"కోడలు కనేదాక ముడులు విప్పురా" అన్న.

"గాలికి పట్టా లేస్తదక్కా. చదువుకున్నవ్, ఇంకా గీ పిచ్చేంది?"

"నా చదువు సంగతి ఇడిసిపెట్టు. వాగొస్తే అంబులెన్స్ అవతలి గట్టుమీదనే నిలబడ్తది. అడవిల నుంచి చుట్టుతొవ్వకు నీ కారే దిక్కు."

నవ్విండు. ఇంకో ముడి వేసిండు.

వాన పట్టింది, ఇడవలేదు. ఒకనాడు పొద్దున బియ్యం చెరుగుతున్న కోడలు చాట దించి, "అత్తా, నడుము గుంజుతుంది" అన్నది. ఇంకా నెలలు నిండలేదు. వాగు మోత ఇంట్లకే వినబడుతుంది. దాటి రాలేమని అంబులెన్సోళ్లు ఫోన్ల చెప్పిన్రు.

తమ్ముడు ఉరికొచ్చిండు. నానిన తాడు బిగుసుకపోయింది. వాడికి ముడి కనబడదు, నా గోర్లు విరుగుతున్నయ్. కత్తి తెచ్చి కోసిన. తమ్ముడు తడుముకుంట బ్యాటరీ వైర్లు బిగించిండు. ట్రాక్టర్ తప్ప నడపని నా కొడుకు స్టీరింగ్ పట్టిండు. ఇంజిన్ దగ్గి ఆగింది. మళ్ల కొడితే మళ్ల ఆగింది. వెనక సీట్ల కోడలు మూలుగుడు కూడ బందువెట్టింది. నాకు దానికే భయమైంది.

"అక్కా, గుడ్డ" అన్నడు తమ్ముడు.

సైలెన్సర్ల చెయ్యి పెట్టి గుంజిన.

బిడ్డ దక్కింది. చాన రోజులు దవాఖానాల అద్దాల పెట్టెలనే ఉంచిన్రు. తిరిగొచ్చినంక తమ్ముడు కారు మీద పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెట్టిండు. తాడు జోలికి పోలేదు. కోసిన ముక్కలు కొట్టం పక్కన్నే పడున్నయ్, లేగదూడను కట్టడానికి కూడ ఎవరూ తియ్యరు.

పట్టా గాలికి కొట్టుకుంటది. ఆ చప్పుడైనప్పుడల్లా నేను వాగు దిక్కు చెవి పెడ్త.