బ్రేకు బాగానే ఉందని చెప్పాను

చాలా ఏళ్లుగా నాకు ఫోన్ మోగితే భయం. అందులోనూ మా చెల్లెలు సువార్త పేరు కనపడితే వెంటనే ఎత్తలేను. తెలిసిపోయిందేమో అనుకుంటాను. ఆమె పిల్లల జ్వరాల గురించో, ఆదివారం కూర గురించో మాట్లాడి పెట్టేస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. అప్పట్లో నాకొక పాత జీపు ఉండేది. దాన్ని మెకానిక్కు ఇవ్వడమంటే నామోషీ. నంద్యాల షెడ్లలో వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసని కనపడినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. ఆ వేసవిలో ముందు ఇరుసు పని నేనే పెట్టుకున్నాను. ఫోన్‌లో వీడియో చూస్తూ బేరింగులు కడిగి గ్రీజు పెట్టాను. దానికోసం రెండు ముందు చక్రాలనూ పట్టి ఆపే క్యాలిపర్లు, అంటే బ్రేకు బిగింపులు, విప్పి, ఒకే గోనెపట్ట మీద పడేశాను. మళ్లీ బిగించాక లోపలి గాలి పోవడానికి బ్రేకు ఆయిల్ వదిలాను. బుడగ ఒక్కటీ రాలేదు. అయినా పెడలు మెత్తగానే దిగుతోంది. రెండుమూడు సార్లు తొక్కితే గట్టిపడేది. నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక పని చెడగొట్టానని ఒప్పుకోలేక నాకు నేనే అలా చెప్పుకున్నానా?

మర్నాడు సువార్త భర్త, మా బావ, వచ్చాడు. నంద్యాలలో పెళ్లికి పోవాలి, జీపు కావాలన్నాడు. తాళం ఇచ్చాను. పెడలు సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడని.

తిరిగి వస్తుంటే ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా గొర్రెలు వచ్చాయి. జీపు ఆగలేదు. గొర్రెలకాపరి ఓబులయ్య తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేడు.

బావ ఒకప్పుడు బాగా తాగేవాడు. చెల్లెలు నరకం చూసింది. తర్వాత ఆయన చర్చిలో అందరి ముందూ నిలబడి మానేస్తానన్నాడు, మానేశాడు. కానీ పెళ్లి నుంచి వస్తూ మనిషిని గుద్దాడంటే ఊరు ఏమనుకుంటుంది? బ్రేకు పడలేదని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కేసులెందుకు, మనలో మనమే తేల్చుకుందామని రెండువైపుల పెద్దలూ మా ఇంటి ముందు కూర్చున్నారు. బండి సంగతి తెలిసినవాడివి, చూసి చెప్పమని నన్నే పంపారు.

దొడ్లో జీపు కింద పడుకుని చూశాను. పైపులు కారడం లేదు. ఆయిల్ నిండుగా ఉంది. చక్రం వెనక చెయ్యి పెట్టాను. గాలి తీసే నిప్పిల్ కిందివైపు ఉంది. రెండో పక్కా అంతే. ఎడమ బిగింపును కుడికి, కుడిదాన్ని ఎడమకి పెట్టానని అప్పుడు తెలిసింది. నిప్పిల్ పైన ఉండాలి. కింద ఉంటే ఆయిల్ కారుతుంది గానీ గాలి లోపలే ఉండిపోతుంది. బుడగ కిందికి పోవడం ఎవరైనా చూశారా? బయట ఓబులయ్య కొడుకుల అరుపులు వినపడుతున్నాయి. ఇంట్లో నా పిల్లలున్నారు.

బయటికి వచ్చాను. పెద్దాయన అడిగాడు.

"ఏందప్పా, బ్రేకులో ఏమన్నా తప్పుండాదా?"

"ఏం లేదు. బాగనే ఉండాది."

బావ నా మొహంలోకి చూశాడు. "సరిగ్గా చూసినావా బావా? నా బిడ్డ మీద ఒట్టు, నేను చుక్క ముట్టలేదు."

"చూసినా."

సువార్త చంటిదాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్న అబద్ధమాడడని ఆమె నమ్మకం. గొడవ సద్దుమణిగాక ఆ రెండు బ్రేకు బిగింపులనూ ఎవరూ చూడకుండా మార్చి పెట్టాను. పెడలు మొదటి తొక్కుకే నిలిచింది.

అప్పటినుంచి బావ ఇంటికి వస్తే చెల్లెలు గుమ్మంలోనే ఆపి నోరు వాసన చూసేది, పిల్లల ముందే. ఆయన మారు మాట్లాడకుండా వంగేవాడు. నేను చూసి తల తిప్పుకునేవాణ్ణి. చెప్పేస్తే ఏమవుతుంది? చెల్లెలు మళ్లీ నా మొహం చూస్తుందా? ఓబులయ్య కొడుకులు నన్ను వదులుతారా? ఇంతకీ నేను ఎవరికి భయపడుతున్నాను?

పోయిన నెల బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బావా, నువ్వే చూసి బాగుండాదంటివి. అంటే తప్పు నాదే గదా. పెండ్లిలో కూల్‌డ్రింకు ఇచ్చిరి. దాంట్లో ఎవురన్నా కలిపినారేమో. నాకే తెలీలేదేమో. ఆ దినం తాగలేదని ఇన్నేండ్లు సువార్తతో ఊరికే కొట్లాడితి. ఆదివారం చర్చిలో ఒప్పుకుంటా."

వద్దని అనాలి. అనలేదు.

ఆదివారం ఆయన లేచి నిలబడ్డాడు. చేయని తప్పు ఒప్పుకున్నాడు. సువార్త ఏడుస్తూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది, క్షమించానంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన వెనక బెంచీలో నేను కూర్చున్నాను, లేవలేదు.

బావ ఆ రోజు తాగలేదు. బ్రేకు పడలేదు. దాన్ని చెడగొట్టింది నేను, పెద్దలకు జవాబు చెప్పేటప్పటికే ఆ సంగతి నాకు తెలుసు. ఈ మాటలు ఒకచోట పెట్టడం ఇదే మొదటిసారి. భయం పోలేదు. అయినా ఊపిరి ఆడుతోంది.