గోడ కాళ్ళు

పొద్దటి నీళ్ళు ఆయనవి, మాపటి నీళ్ళు నావి. ఇంటి వెనక గోడ పక్కనున్న మల్లె మడికి పదేళ్ళకు పైగా అలాగే పోసుకుంటూ వచ్చాం. ఆయన పోయినప్పటి నుంచి రెండు పూటలా నేనే పోస్తున్నాను. పొద్దున ఆయన ఇనుప బకెట్టుతో, మాపున నా బిందెతో. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పొద్దటి నీళ్ళు మానేస్తే ఆ పూట ఇంట్లో ఆయన పని అంటూ ఏమీ మిగలదు.

ఆయన జనగామ బడిలో గంట కొట్టే అటెండరు. దామోదర్ అంటే ఎవరో చాలామందికి తెలియదు గానీ, గంట దామోదరన్న అంటే సంతలో కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. ఇంట్లో మాట తక్కువ. కూరలో ఉప్పు మరిచినా తినేసి లేచేవారు. నేను తినేటప్పుడు తెలిసేది. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి కూడా ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలప్పుడు బళ్ళు మూతపడ్డాయి. గంట కొట్టే పని లేదు. కొన్నాళ్ళు అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ఊరేగింపులు చూశారు. ఒకరోజు పార పట్టుకుని వెనక వాకిట్లో తవ్వడం మొదలుపెట్టారు.

"ఏందిది?" అన్నాను.

"బడి తెరిసేదాక ఇదే నా బడి" అన్నారు.

తరిగొప్పుల నుంచి మల్లె కొమ్మలు తెచ్చి నాటారు. గోడకూ మడికీ నడుమ మూరెడు జాగా వదిలి, అక్కడ నేలను బయటికి వాలేటట్టు కొట్టి, వీధి వైపు సన్నటి కాలువ తీశారు.

"గింత జాగ దండుగనేనా? గీడ కొత్తిమీర పోసుకుందును గద" అన్నాను.

"వద్దు. గోడ కాళ్ళు కనబడాలె. మనిషైనా గోడైనా, కాళ్ళు తడిల వెడితె జరమొస్తది."

ఏటా వానల ముందు ఆ జాగాలో చేరిన మట్టినీ ఆకులనూ లాగేసేవారు. పునాది రాళ్ళు బయటపడ్డాకే పార కింద పెట్టేవారు. నా చూపు పూల మీదే ఉండేది.

పోయినేడు శివరాత్రి ముందు ఛాతీలో నొప్పి అన్నారు. దవాఖానకు పోదామని బండి తెచ్చేలోపే అయిపోయింది.

మల్లెలకు అవేమీ తెలియవు కదా. విరగబూశాయి. పక్కింటి వెంకటనర్సమ్మ తమ ప్రహరీ మీదుగా తొంగి చూసింది.

"వెట్టుకునే తల లేకపాయె, గిన్ని నీళ్ళెందుకు వోస్తున్నవ్ అక్కా? ఎవలకు చూపియ్యనీకి?"

తెంపని పూలు విచ్చి రాలాయి. ఊడ్చినప్పుడల్లా ఆకులతో పాటు వాటినీ గోడ వారకే తోశాను. వీధిలో పారేయడానికి చేయి రాలేదు.

మా ఇంటి వెనక అర్ర, మల్లె మడి గోడకు లోపలి వైపు గది, నేలకన్నా లోతు. మెట్లు దిగాలి. చల్లగా ఉంటుందని మా మరిది మధుకర్ విత్తనపు పల్లికాయ బస్తాలు అక్కడే పెడతాడు. ఈ ఎండాకాలం చివర వచ్చి ఒక బస్తా ఎత్తబోతే, దాని అడుగు నేలకే అతుక్కుపోయి పల్లికాయంతా కాళ్ళ మీద పడింది. గోనె నిండా చెదలు. పైగా ముక్కిన వాసన.

"వదినా, జర లాంతరు తే!" అని అరిచాడు. తెచ్చాను. మూలన పందికొక్కు తవ్విన బొక్క కనిపించింది. మధుకర్ గోడ మీద చేయి పెట్టాడు. "గిదేంది? గోడకు చెమట వట్టినట్టున్నది!"

బయటికి పోయి మడి చూసి వచ్చాడు. "గా మల్లెచెట్ల తోటే ఇదంత. రేపు మనిషిని తీస్కొచ్చి మొత్తం పీకిపిస్త. ఇత్తనాలు గిట్లయితె చేన్ల ఏం వెయ్యాలె నేను, మన్నా?"

"మీ అన్న వెట్టిన చెట్లు మధుకరూ."

"ఇల్లు గూడ అన్న కట్టిందే గద వదినా. ఏది ఉండాల్నో నువ్వే చెప్పు."

లాంతరు అతని చేతికిచ్చాను. "పొద్దుగాల రాకు, మాపటికి రా" అని మాత్రం అన్నాను.

తెల్లారాక ఆయన పార తీశాను. గోడ వారన మూరెడు జాగా లేనే లేదు. కుళ్ళిన పూలు, ఆకులు, వాటి మీద మట్టి, అంతా కలిసి మడితో సమానంగా పేరుకుంది. కాలువ పూడిపోయింది. ఊరంతా ఎండకు పగుళ్ళిచ్చిన రోజుల్లో అక్కడి మట్టి పిండితే నీళ్ళు కారేలా ఉంది. దాని అడుగున గోడకు చెద బారులు. పందికొక్కు బొక్క కూడా అక్కడి నుంచే లోపలికి పోయింది.

బకెట్టు వైపు చూశాను. ఆయన ఎప్పుడూ దాన్ని నిండా ముంచేవారు కాదు. సగం నీళ్ళు, అవి కూడా మడికి అవతలి పక్క నుంచి పోసేవారు. నేను రోజూ నిండా ముంచి, గోడ పక్కన నిలబడి పోశాను.

నడుము పట్టేసేదాకా మట్టి లాగాను. కాలువ మళ్ళీ తీశాను. బొక్కలో రాళ్ళు కొట్టాను. మధ్యాహ్నానికి పునాది రాళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మాపున మధుకర్ ఒక్కడే వచ్చాడు, మనిషిని తేలేదు. రాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్న లెక్కనే తీసినవ్" అన్నాడు. తడి రాయి మీద అరచేయి ఆనించి చూసి, "పీకుడు వద్దు తియ్యి. గని గోడ ఆరాలె. దినానికి ఒక్క పూటనే నీళ్ళు, గదీ జరంతనే. రెండు పూటల వోసినవంటె ఎవ్వలు జెప్పినా ఇన, పీకుడే."

"ఏ పూట?" అని అడిగాను.

అతనికి అర్థం కాలేదు. "ఏదైతేంది వదినా? నీ ఇష్టం." మంచి పల్లికాయను ఏరి ఎండబోయడానికి అర్రలోకి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చాను. రాలిన పూలను వీధి వైపుకు తోశాను. ఆయన బకెట్టు బావి గట్టు మీద బోర్లించి ఉంది. సెలవులయి బడి తెరిచినట్టున్నారు, దూరంగా గంట మోగింది. కొత్తగా వచ్చినవాళ్ళెవరో తొందరతొందరగా కొడుతున్నారు.

మాపటి నీళ్ళు నావి, పోస్తాను. పొద్దటి నీళ్ళు పోయలేదు.