తులిప్ తోటలో ముగ్గు గీతలు

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో మేం అద్దెకు దిగిన ఇంటి పెద్దాయనది హాలెండ్. తన బొమ్మ రైలు పట్టాల పక్కన బుల్లి తులిప్ తోట వేస్తున్నారు. మర్నాడే బొమ్మ రైళ్ల ప్రదర్శన. చేతులు వణికి, పూలకని రంగు వేసిన రంపపు పొట్టు చెదిరిపోతోంది.

"అంకుల్, నేను వెయ్యనా?" అన్నాను.

దేవుణ్ణి తలుచుకుని, ఇంట్లో అమ్మ నేర్పిన ముగ్గులాగే ఎర్ర పొట్టును వేళ్ల మధ్య నుంచి జార్చాను. జిగురు మీద వరసలు తిన్నగా పడ్డాయి.

ఆయన వంగి, చాలాసేపు చూసి, "నాట్ బ్యాడ్" అన్నారు. నా మొహం చిన్నబోయింది.

ఆయన భార్య పకపకా నవ్వింది. "డచ్‌వాళ్ల నోట అంతకుమించిన మెప్పు రాదు డియర్! ఇన్నేళ్లలో నా వంటకి ఆ మాటా దక్కలేదు."

ఈలోగా ఆయన తను వేసిన వంకర వరసలన్నీ గీకేసి, పసుపు పొట్టు డబ్బా నా ముందుకు జరిపారు. మనసులోనే అమ్మకు దణ్ణం పెట్టుకుని, తలెత్తుకుని అందుకున్నాను.