దుమ్ములో రెండు సున్నాలు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, నేను చూడని ముఖాన్ని చూశానని చెప్పాను. గడ్డం నెరిసిన ఈ వయసులో ఆ మాట రాస్తున్నాను. పిల్లవాణ్ణి, తెలియక అన్నాను అని తప్పించుకోవచ్చు. కానీ తెలిసే అన్నాను. అందుకే ముందు అది చెప్పేసి తర్వాత మిగతాది చెబుతున్నాను.

అప్పుడు మేము ఖతర్‌లోని అల్ ఖోర్‌లో ఉండేవాళ్ళం. మా బాపు గ్యాస్ ప్లాంటులో పనిచేసేవాడు. మా బిల్డింగులో మెట్లు కడిగి చెత్త తీసే మనిషిని పిల్లలమంతా కాకా అని పిలిచేవాళ్ళం. జగిత్యాల దిక్కు మనిషి. పొద్దున కంపెనీ బస్సు అతన్ని లేబర్ క్యాంపు నుంచి తెచ్చి దింపేది, సాయంత్రం ఎక్కించుకుపోయేది. వేసుకునేది మెడ నుంచి కాళ్ళదాకా ఒకే బట్టగా ఉండే నీలం కవరాల్. దాని కాలరు వెనక లావుపాటి ఎర్రదారంతో రెండు అడ్డకుట్లు ఉండేవి. క్యాంపులో వందల మంది బట్టలు ఒకేచోట ఉతుకుతారు కాబట్టి గుర్తు కోసం అలా కుట్టుకునేవారు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని అతను ఆ కుట్లు వేసుకునేవాడు. కళ్ళు ఆనేవి కావు, అందుకని సూదిలోకి దారం నాతో ఎక్కించుకునేవాడు.

ఒక గురువారం దుమ్ముగాలి లేచింది. నేను స్కూలు నుంచి వచ్చి మెట్ల కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద ఎవరో నా కొత్త సైకిలును నడిపించుకుంటూ గేటు దాటుతున్నాడు. వీపు నావైపు ఉంది. నీలం కవరాల్. గాలికి పైకి లేపుకున్న కాలరు మీద ఎర్రదారం. నేను అరుచుకుంటూ కిందికి దిగేసరికి మనిషీ లేడు, సైకిలూ లేదు.

"కాకే తీసుకుపోయిండు" అన్నాను, ఎవరూ అడగకముందే.

గాలి తగ్గాక మగవాళ్ళంతా కిందికి దిగారు. డాబా మీద దుమ్ము ఊడుస్తున్న కాకను పిలిపించారు. సైకిలు ఎక్కడ దాచావని అడిగితే అతను చీపురు గోడకు ఆనించి, "నేను తియ్యలె" అన్నాడు. మళ్ళీ అడిగారు. "ఒక్కపారి చెప్తే ఇనవడలేదా? తియ్యలె అంటే తియ్యలె." కాళ్ళు పట్టుకుంటాడని అనుకున్నవాళ్ళను ఆ జవాబు ఇంకా మండించింది. కంపెనీకి కంప్లయింట్ రాద్దామని కాగితం తీశారు. అందరూ సంతకం పెడితే కంపెనీ విచారణ చెయ్యదు. వీసా క్యాన్సిల్ చేసి, టికెట్ చేతిలో పెట్టి ఊరికి పంపించేస్తుంది. ఆ సంగతి అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. నాకు కూడా తెలుసు.

ఆ కాగితం మా పక్కింటావిడ దగ్గరికి వచ్చింది, పిల్లలం ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచే ఆవిడ. ఆమెది హైదరాబాదు. ఖతర్‌కు రాకముందు అక్కడ ఆడపిల్లల కాలేజీలో ఇంటర్ వాళ్ళకు తర్కశాస్త్రం చెప్పేది. భర్త డ్యూటీలో ఉన్నాడని సంతకానికి ఆమెను పిలిచారు. ఆమె కాగితం చదివి, నన్ను దగ్గరికి రమ్మంది.

"కాకే అని నీకెట్ల తెలుసు బేటా?"

ఎర్రదారం గురించి చెప్పాను. ఆమె దుమ్ము కప్పిన మా బాపు కారు బానెట్ మీద వేలితో చిన్న సున్నా చుట్టింది. "ఇవి కాక బట్టలు. వీటన్నిటికీ ఎర్రదారం ఉంది. అవునా?" అంది. తర్వాత దాని చుట్టూ పెద్ద సున్నా చుట్టింది. "ఇవి ఎర్రదారం ఉన్న బట్టలన్నీ." నోట్లోని ఖర్జూరపు గింజ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు చూసిన మనిషి ఇదీ. పెట్టు, ఏడ పెడతవో."

నేను గింజను చిన్న సున్నాలో పెట్టాను.

"గడనే ఎందుకు పెట్టినవ్? పెద్ద సున్నాల ఇంత జాగ ఖాళీగ ఉంది కద. ఈడెవరు లేరని నీకెవరు చెప్పిన్రు?" ఆమె గింజను రెండు గీతల మధ్యకు జరిపింది. "కాక బట్టలన్నిటికి ఎర్రదారం ఉంటే, ఎర్రదారం ఉన్నయన్ని కాకవి అయితయా?"

అప్పుడు కాక నోరు విప్పాడు. "మా రూంల ఎనిమిది మందిమి ఉంటం మేడం. రూంకొక్క రంగు. ఎనిమిది మందికీ ఎర్రదారమే. అందరం ఈ గల్లీలనే డ్యూటీ జేస్తం."

ఎన్నోసార్లు దారం ఎక్కించిన నేను ఆ ముక్క ఎన్నడూ అడగలేదు.

రెండో అంతస్తు ఆయన చెయ్యి ఊపాడు. "అయితే ఎనిమిది మంది పేర్లు రాద్దాం. ఈ క్యాంపువాళ్ళంతా దొంగలేనండి."

"అంతా అంటే నేను గూడ అండ్ల ఉన్న సార్" అన్నాడు కాక. "నేను దొంగను గాదు. నేనొక్కన్ని గాకున్నా మీ మాట తప్పే."

ఖాలా పకపకా నవ్వింది. "చూసిన్రా, మా కాలేజీల ఏడాదంత చెప్పినా కొందరికి ఎక్కలేదు ఇది." కాగితం మడిచి మా బాపు చేతికి తిరిగిచ్చింది. "నేను సంతకం పెట్టను. మీరందరు పెట్టినా పెట్టను."

అంతటితో ఆగవలసింది. కానీ బాపుకు అందరిలో చిన్నతనమైంది. నా భుజం పట్టుకుని, "దారం సంగతి ఇడిసిపెట్టు. ముఖం చూసినవా, లేదా?" అన్నాడు. అందరూ నావైపే చూస్తున్నారు. ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. నా బాధంతా అదే.

"చూసిన" అన్నాను.

కాక నావైపు చూసి, చీపురు అందుకుని మెట్లెక్కాడు. ఖాలా చేత్తో దుమ్ములోని సున్నాలు చెరిపేసింది. నాకు మాత్రమే వినిపించేలా అంది: "ఏ మాట నుంచి ఏ మాట వస్తదో నేను చెప్పగలను బేటా. మొదటి మాట నిజమా కాదా అన్నది నేను చెప్పలేను. అది నీ దగ్గరనే ఉంది."

ఆమె తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణి. ఆమె చెప్పిన పద్ధతి తప్పని వాదించేవాణ్ణి. కానీ పద్ధతిలో తప్పు లేదు. ముఖం చూసిన వాడు చెబితే కాకే దొంగ అవుతాడు. అందులో తిరుగులేదు. కుళ్ళిందల్లా నా మాట ఒక్కటే.

శుక్రవారం పొద్దున కాక ఎప్పటిలాగే వచ్చి పై మెట్టు నుంచి కడుక్కుంటూ దిగాడు. మా గుమ్మం వదిలేస్తాడనుకున్నాను. వదలలేదు, రెండుసార్లు తుడిచాడు. నేను బయటికి వెళ్ళి, ముఖం చూడలేదని అతనితో చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నా ముఖం నాకు తెల్వదా? చెప్పాల్సినోళ్ళకు చెప్పు పో" అన్నాడు, బకెట్టు ఎత్తుకుంటూ.

నమాజు అయ్యాక మగవాళ్ళు కింద చాయ్ తాగుతుంటే, వాళ్ళ మధ్యకు వెళ్ళి చెప్పాను. బాపు చెంప పగలగొట్టాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి తనే చింపాడు. సైకిలు దొరకలేదు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. తెలియదు అన్నది కూడా ఒక జవాబేనని, దాన్ని చెప్పడానికి దమ్ము కావాలని ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు నేను దోహాలోని అల్ తుమామాలో ఉంటూ సైట్ల మీద సేఫ్టీ రిపోర్టులు రాస్తాను. "లేబరంతా ఇంతే" అన్న వాక్యం కింద నా సంతకం అడిగితే పెట్టను. ఎందుకని మేనేజర్లు అడుగుతారు. ఎవరు, ఎప్పుడు, ఎవరు చూశారు అని నేను తిరిగి అడుగుతాను. రెండు ప్రమోషన్లు పోయాయి. పోనీ.

క్షమాపణ ఒక్క మాటతో తీరదని ఆ వయసుకే తోచింది. బాపు కాగితం చింపిన మరుసటి రోజు నా స్కూలు చొక్కా పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి, కాలరుకు ఎర్రదారం కుట్టమని కాకను అడిగాను.

"పిచ్చి లేసిందారా? బళ్ళె కొడ్తరు."

"కొట్టనీ. ఎర్రదారం ఉన్నోళ్ళను పట్టుకుంటే నన్ను గూడ పట్టుకోవాలె."

అతను చొక్కా అందుకుని కాలరు తిప్పి చూశాడు. తర్వాత సూదీ దారం నా చేతికిచ్చి, "ఎక్కియ్యి మరి" అన్నాడు. ఎక్కించి ఇచ్చాను. అతను రెండు కుట్లు వేశాడు. ఆ ఏడాదంతా కుట్లు కనబడేలా కాలరు పైకి లేపుకునే స్కూలుకు వెళ్ళాను.