గుట్ట మీది నల్లా

నాన్న తమ్ముడు, మా కాక పోయాడని బోధన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య ఉన్నాను. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే ఫోన్ చేసి "ఏమ్రా, తిన్నవా?" అని అడిగిన గొంతు ఆయనది.

చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసిన కాక, అది మూతపడ్డాక పైపుల పని పట్టుకున్నాడు. నల్లా కారితే ఆయన ప్రాణం ఒప్పదు. పెళ్లికి పోయినా ముందు చేతులు కడిగే చోటికే పోయి, కారే నల్లాలన్నీ బిగించేవాడు. అక్షింతల వేళకు చొక్కా సగం తడిసేది. చిన్నమ్మ తల పట్టుకునేది.

అడవి అంచున గుట్ట మీద ఒక తండా ఉంది. అక్కడివాళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడుకుని తాగేవాళ్లు. వానాకాలం వస్తే చాలు, పిల్లలకు వాంతులు, విరేచనాలు. కాక నన్ను వెంటబెట్టుకుపోయి, కింది బోరు నుంచి పైదాకా పైపు వేసి నల్లా పెట్టించాడు. సంబరంగా దిగివచ్చాం. వారం తర్వాత పోయి చూస్తే ఆ నీళ్లు పశువులు తాగుతున్నాయి, మనుషులు చెలిమె నీళ్లే తాగుతున్నారు.

"సప్పగున్నయి బిడ్డా. చెలిమెకు పసుపు వెట్టి, మొక్కి తాగుతం. గీ ఇనుప ముక్కకు ఎవలు మొక్కిండ్రు?" అంది తండా పెద్దవ్వ.

నాకు ఒళ్లు మండింది. కాక మాత్రం నవ్వాడు. "తప్పు మనదేరా. నీళ్లు గుట్ట ఎక్కుడు అల్కనే, మనిషి నోట్లెకు దిగుడే కష్టం" అన్నాడు.

మళ్లీ పోయినప్పుడు ఇంట్లో దంచిన పసుపు మూటకట్టుకుని తెచ్చాడు. అవ్వ చేతిలో పెట్టి, "చెలిమెకు ఎట్ల చేస్తవో గట్లనే చెయ్యవ్వా. మేము పైపే తెచ్చినం, గంగమ్మను పిలిచేది నువ్వే" అన్నాడు. అవ్వ నల్లాకు పసుపు రాసి, మొక్కి, దోసిలి పట్టి తాగింది. ఆమె వెనకే తండా అంతా తాగింది.

ఆ వానాకాలం పిల్లలెవరూ మంచాన పడలేదు. ఆ కబురు విని కాక కళ్లు తుడుచుకున్నాడు. అలాంటి మనిషి వెంట తిరిగినందుకు నాకిప్పటికీ గర్వమే.

దినాల నాడు అవ్వ గుట్ట దిగి, ఆటో ఎక్కి వచ్చింది. భోజనాలు నడుస్తుండగా ఎవరో చేతులు కడిగి నల్లా సరిగ్గా కట్టేయకుండా పోయారు. మేమెవరం గమనించలేదు. అవ్వ విస్తరి ముందు నుంచి లేచి, వెళ్లి గట్టిగా బిగించింది. పొద్దున గుట్ట మీది నల్లాకు మొక్కి వచ్చిందేమో, ఆమె వేళ్ల పసుపు మా కాక ఇంటి నల్లాకు అంటుకుంది.