ఒక్క పేరుకే చోటున్న పెళ్లికార్డు

మా అక్క పెళ్లికి పెద్దబాపు రాలేదు. కారణం పెళ్లికార్డు. కింద ‘ఆహ్వానించువారు’ అన్నచోట మా బాపు అన్నదమ్ముల పేర్లన్నీ వరసగా వేయమంటే, అచ్చువేసిన మనిషి చిన్నబాపు పేరు పైన వేసి, అందరికంటే పెద్దవాడైన పెద్దబాపు పేరు కింద వేశాడు. పక్క ఊరు పాల్మాకులలో ఉండే పెద్దబాపు ఆ కార్డు చేతికి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివి, "మంచిగున్నది" అని పక్కన పెట్టాడట. అంతే, నాలుగేళ్లు శంషాబాద్‌లో మా గడప తొక్కలేదు. బాపే వాళ్లింటికి వెళ్తే పెద్దబాపు మంచినీళ్లు ఇచ్చేవాడు కానీ మాట్లాడేవాడు కాదు.

అందుకే నా పెళ్లి కుదిరినప్పుడు బాపు కోరిక ఒక్కటే.

"ఏం తక్కువైనా గానీ బిడ్డా, ఈసారి మా అన్న రావాలె."

ఎయిర్‌పోర్టు మొదలై అప్పటికి మూడేళ్లు. నేను అక్కడి కార్గో షెడ్డులో పెట్టెల మీద అంటించే చీటీలు రాసేదాన్ని. ఒక సాయంత్రం డ్యూటీ దిగి బజార్లో కార్డుల దుకాణానికి వెళ్లాను. తెరిస్తే సన్నాయి మోగే కార్డు, మఖ్మల్ గుడ్డ అతికించిన కార్డు, ఆల్బమ్ నిండా ఇలాంటివే. ధర చెప్పగానే ఆల్బమ్ మూసేసి, దుకాణదారుకో నమస్కారం పెట్టి బయటపడ్డాను. ఆ ఖర్చేదో భోజనాల్లో పెడితే వచ్చినవాళ్లు ఇంకో ముక్క ఎక్కువ తింటారు. నా చేతిరాత బాగుంటుందని షెడ్డులో అందరూ అంటారు, ఆ గర్వం కూడా కొంచెం ఉండేది. మన కార్డులు నేనే చేస్తానని ఇంట్లో చెప్పేశాను.

పసుపుపచ్చ చార్టులు కొని, ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు కోశాను. ఒక ముక్క మీద కార్డంతా రాసి, మిగతా ముక్కల మీద అదే జిరాక్స్ తీయించాను. "మందం కాయితం అక్కా, మిషిన్ పరేషాన్ అయితది" అని సణుగుతూనే జిరాక్స్ అన్న ఒక్కొక్కటీ చేత్తో తోశాడు.

చిక్కల్లా ఆ మొదటి ముక్క రాసేటప్పుడే, చోటు దగ్గర వచ్చింది. ముహూర్తం, ఫంక్షన్ హాలు, మా ఇద్దరి పేర్లు పోగా అడుగున ఒక్క గీత మిగిలింది. పెద్దలేమో పదకొండు మంది. అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ గీత ఖాళీగా ఉంచి, ఏ ఇంటికి పోయే కార్డులో ఆ ఇంటి పెద్ద పేరే చేత్తో రాస్తాను. బయటివాళ్ల కార్డుల్లో ‘బంధువులందరూ’ అని రాస్తాను. ఇక పైనా లేదు, కిందా లేదు. ఏ పెద్ద పిలిచినా సరిపోయేలా ‘మా ఇంటి ఆడపిల్ల పెళ్లి’ అని మొదలుపెట్టాను.

"మరి నీ పేరు బాపు?" అని అడిగాను.

పైన విమానం పోతోంది. మా ఇంట్లో ఎంత ముఖ్యమైన మాటైనా విమానం దాటేదాకా ఆగాల్సిందే. అది దాటాక బాపు అన్నాడు: "నేను ఇంట్లనే ఉంట గద. నా పేరెందుకు? ఆళ్ల పేర్లుంటే సాలు."

నా తెలివికి నేనే మురిసిపోతూ ఉన్నాను కాబట్టి, ఆ మాట గురించి మళ్లీ ఆలోచించలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మా నేనూ కూర్చుని ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపు అద్దాం. వారం రోజులు నా వేళ్లు పచ్చగానే ఉన్నాయి. "కామెర్లా? దవాఖానకు పోయినవా?" అని షెడ్డులో ఒకటే ఆటపట్టించడం.

అమ్మా బాపూ ఇల్లిల్లూ తిరిగి, బొట్టుపెట్టి కార్డులిచ్చి వచ్చారు. పెద్దబాపు ఈసారీ మూడుసార్లు చదివాడట. కానీ పక్కన పెట్టలేదు. "జేబుల పెట్టుకున్నడు" అని బాపు ఆ రోజంతా చెప్పిందే చెప్పాడు.

నా లెక్కలో ఒక్కటే తప్పింది. కార్డు ఎవరింట్లో వాళ్లు చదువుకుంటారనుకున్నాను. పెళ్లికి పది రోజుల ముందు పాల్మాకులలో ఎవరి మనవడినో తొట్టెలలో వేసే వేడుక. అక్కడ పంక్తిలో కూర్చుని పెద్దబాపు జేబులోంచి కార్డు తీసి, "మా తమ్ముని బిడ్డ పెండ్లి. నా ఒక్కని పేరు మీదనే పిలుస్తున్నరు" అన్నాడట. ఎదురుగా ఉన్న చిన్నబాపు తన కార్డు తీశాడు. ఆ పక్కాయనా తీశాడు. పెరుగన్నం వడ్డించేసరికి ఐదు కార్డులు బయటికొచ్చాయి.

చిన్నబాపు కూతురు ఫోన్ చేసింది. "ఏం జేసినవక్కా? అందరు కార్డులు ముంగటేసుకొని కూసున్నరు."

బాపుకి చెప్పాను. "ఇగ రాడు" అని మాత్రం అని, వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు బండి ఆగింది. పెద్దబాపు. బాపు గభాలున లేచి నిలబడ్డాడు. పెద్దబాపు ఎవరినీ పలకరించకుండా వచ్చి మంచం మీద కూర్చుని, పంక్తిలో బయటపడ్డ ఐదు కార్డులూ వరసగా పరిచాడు.

"ఇవన్ని నువ్వే రాసినవా?"

"అవును పెద్దబాపు."

"అబద్ధాలు మంచిగ రాస్తవ్."

"పిల్ల తప్పు గాదన్నా, నేనే..." అని బాపు అందుకున్నాడు. విమానం వచ్చింది. అమ్మా బాపూ నేనూ నోళ్లు మూసుకుని నిలబడ్డాం. పెద్దబాపు మాత్రం కార్డులే చూస్తున్నాడు.

"గిన్ని కార్డులున్నయి" అన్నాడు, చప్పుడు తగ్గాక. "ఆని పేరుంది, ఈని పేరుంది. బిడ్డ నీది. నీ పేరు ఏడుందిరా?"

బాపు తల వంచుకున్నాడు. "పేరుకేముందన్నా. నువ్వొస్తే సాలనుకున్న."

పెద్దబాపు నావైపు చెయ్యి చాపి పెన్ను అడిగాడు. సంతకానికి తప్ప పెన్ను పట్టే అలవాటు లేని మనిషి. తన కార్డు మోకాలి మీద పెట్టుకుని, నేను అంత అందంగా రాసిన తన పేరుకు పైన, ఉన్న కాస్త జాగాలో, వంకర టింకర అక్షరాలతో మా బాపు పేరు రాశాడు.

పెన్ను నా చేతికిచ్చి, "మిగిలినయి నువ్వు రాయి" అన్నాడు. "మీదనే రాయాలె."